మునిగిన ఊరు – మిగిలిన పద్దు

(గ్రంథాలయ రజతోత్సవ సభయందు చేసిన యుపన్యాసము)



ఈ రజతోత్సవ సందర్భమున "గ్రామమహిళలు – గ్రంథపఠనము" అను విషయమును గూర్చి ప్రసంగింపుమని కార్యదర్శిగారు నన్ను కోరిరి. విషయము మంచిదే. కాని దానిని గూర్చి నాకు తెలిసినదంతయు ఈ యూరి బడిలో ఉపాధ్యాయినిగా నున్న 20 ఏండ్లలో మీ పిల్లలకు చెప్పియే యున్నాను. వారు విన్నారో లేదో మీకే తెలియవలెను. కనుక కార్యదర్శిగారి యనుమతిని పొంది నేడు వేఱొక సంగతి చెప్పబూనితిని. అది ఇప్పుడు లేని యొక యూరి సంగతి. ఆ యూరి పేరు చెప్పను. దాని వారసులు చుట్టుప్రక్కల నాలుగైదు గ్రామములలో నున్నారు. నేను చెప్పబోవునది మా యింటి లోపమే గాని వారిది కాదు.

1967 ఆగస్టు 4వ తేదీన శ్రీమతి ఇందిరాగాంధి నాగార్జునసాగరపు కాలువలకు నీరు విడిచినారు. అప్పటికి నాకు 13 ఏండ్లు. ఆ నీరు మన యూరి పిల్లకాలువలోనికి వచ్చుటకు మఱికొంత కాలము పట్టినది. వచ్చిననాడు ఊరెల్ల గట్టుమీదనే యున్నది. ఆడువారు పసుపు కుంకుమలు నీటిలో చల్లిరి. కొబ్బరికాయలు కొట్టిరి. మా తాతగారు, అనగా మా నాయనగారి తండ్రి, గట్టున కూర్చుండి రెండు పాదములు నీటిలో నుంచుకొని చిన్నపిల్లవానివలె ఏడ్చినారు. పల్నాటి జొన్నకూటిని శ్రీనాథుడు ఎట్లు పరిహసించెనో మీరెఱుగుదురు. అయిదువందల యేండ్లకు పైగా ఆ పరిహాసమును మోసిన సీమ మనది. మడిలో నీరు నిలిచి వరినారు తలయెత్తుట చూచిన ఆ వృద్ధుని కన్నీటిని నేడు మీలో పలువురు చూడలేదు గాని, దాని ఫలమును అందఱును అనుభవించుచున్నారు.

ఆనాడు గట్టునకు రానిది మా యమ్మ ఒక్కతె. "పప్పు పొయ్యి మీదున్నది" అని చెప్పినది. నేను నమ్మితిని. ఆ పప్పు ఎంతసేపు ఉడికినదో పెద్దదాననైన పిదప గాని నాకు తట్టలేదు. మా నాయనగారి పొలమునకు వచ్చిన నీరు మా యమ్మగారి పుట్టింటి మీదుగా వచ్చినది.

మా యమ్మగారి యూరు నాగార్జునకొండ లోయలో నుండెడిది. మూడు వైపుల కొండలు, నాలుగవ వైపున కృష్ణ. వేసవి సెలవులలో మాచెర్లలో రైలు దిగి, అచ్చటనుండి ఎడ్లబండిలో పోయెడివారము. చివరి కొండమలుపు తిరుగగానే బండి తోలువాడు ఎడ్లను అదిలించుట మానివేసెడివాడు; అవియే దారి ఎఱిగి పరుగెత్తెడివి. మా యమ్మమ్మగారి యింటి ముందు చింతచెట్టు, దాని క్రింద తిరుగలి, వెనుక దొడ్డిలో గడ్డివామి, అంతకు మించి నాకు జ్ఞాపకము లేదు. కాని ఊరిచుట్టును త్రవ్విన గోతులు, కట్టిన త్రాళ్లు, గొడుగుల క్రింద కూర్చుండి కాగితములపై గీతలు గీయుచున్న మనుష్యులు బాగుగా జ్ఞాపకమున్నారు. మా యమ్మమ్మ వారిని "రాళ్లదొరలు" అనెడిది. వారు దొరలు కారు, మనవారే. మా యూరి మగవారును ఆడువారును గంపలు పట్టుకొని వారి యొద్ద కూలికి పోయెడివారు.

ఆ త్రవ్వకముల కథ గ్రంథాలయములో నున్న పుస్తకములనుండి మీరు చదువుకొనవచ్చును. నేను రెండు మాటలలో ముగింతును. మూడవ, నాలుగవ శతాబ్దములయందు ఇక్ష్వాకురాజులు విజయపురి రాజధానిగా ఈ లోయనుండి పాలించిరి. 1926లో శాసనశాఖకు చెందిన సరస్వతిగారు ఆ శిథిలములను గుర్తించిరి. లాంగుహర్స్టు దొర 1927 మొదలు 1931 వఱకు త్రవ్వించెను. ఆనకట్ట నిశ్చయమై 1955 డిసెంబరు 10వ తేదీన నెహ్రూగారు శంకుస్థాపన చేసినారు గనుక, మునుగకముందే లోయనంతయు శోధింపవలెనని 1954 మొదలు 1960 వఱకు సుబ్రహ్మణ్యముగారి యాధ్వర్యమున మహాయత్నము జరిగినది. స్తూపములను, విహారములను ఇటుకకు ఇటుక, రాతికి రాయి లెక్కవ్రాసి విప్పిరి. కొన్నిటిని కొండపైన, కొన్నిటిని ఒడ్డున అనుపు వద్ద తిరిగి నిలిపిరి. 1966లో కొండపై ప్రదర్శనశాల వెలసినది. ఇది మన దేశము గర్వింపదగిన పని. నేనందు వ్రేలెత్తి చూపుటకు రాలేదు.

మా తాతగారి యూరును ఎవరును లెక్కవ్రాయలేదు. నా తొమ్మిదవ యేట ఊరు ఖాళీచేసిరి. ఎవరి యింటిని వారే విప్పుకొనిరి. దూలములు, వాసములు, తలుపులు, నాపరాళ్లు బండ్లమీద కెక్కించుకొని యెవరి దారిని వారు పోయిరి. మా తాతగారు తమ సింహద్వారపు బంధమును మా యింటికి పంపిరి. మా నాయనగారు దానిని వెనుక గదికి పెట్టించిరి. శుక్రవారమునాడు మా యమ్మ మొదట ఆ గదిగడపకు పసుపు రాచి, ఆ తరువాతనే వీధిగడపకు రాచెడిది. మా నాయనమ్మ దీనిని చూచియు చూడనట్లుండెడిది. అత్తగారిలో అంతటి యుదారత ఆ దినములలో అరుదు.

మా యమ్మ ఆ యూరిని గూర్చి మాటాడగా నేను వినలేదు. ఒక్కమాఱు మాత్రము, 1972లో, బడిపిల్లలను విజయపురి దక్షిణమునుండి లాంచీలో కొండకు తీసికొనిపోవుచు ఆమెనుగూడ వెంటబెట్టుకొనిపోయితిని. పిల్లలు కేకలు వేయుచుండిరి. ఆమె ఒడ్డునున్న కొండల వరుసలను చూచుచు, వ్రేలితో గాలిలో ఏదో కొలుచుచు, కొంతదూరము పోయిన పిమ్మట లాంచీవానిని "నాయనా, కొంచెం నెమ్మదిగా పోనీయవా" అని అడిగినది. అతడు అందుకు కారణమడుగక వేగము తగ్గించెను. అంతే. మరల మాట లేదు.

ఆనాడే ప్రదర్శనశాలలో ఇక్ష్వాకుల నాటి ఛాయాస్తంభములను గూర్చి తెలిసికొంటిని. చనిపోయినవారి స్మృతికై నిలుపు రాతిస్తంభమునకు ఛాయాస్తంభమని పేరు. శాంతమూల మహారాజు మరణింపగా ఆయన కుమారుడు వీరపురుషదత్తుని పాలనమున 20వ యేట, ఆయన తల్లులు, అప్పచెల్లెండ్రు, రాణులు కలిసి ఆయనకు స్తంభమెత్తించి దానిపై తమ పేర్లన్నియు చెక్కించిరి. రాజుకొఱకే కాదు, సేనాపతులకు, యుద్ధమున కూలిన సైనికులకు, ఒక శిల్పికి సైతము ఆ లోయలో స్తంభములు లేచినవి. ఇంటి ఆడువారు పేర్లు చెప్పి రాతిపై వ్రాయించుట ఆ నేలకు ప్రాతపద్ధతియే యని నాకు తోచినది.

మా యమ్మ 2009లో కాలము చేసినది. ఆమె ట్రంకుపెట్టెలో మా తాతగారి పద్దుపుస్తకము ఒకటి దొరికినది. గొలుసుకట్టు వ్రాత; చదువుట కష్టమై ప్రక్కన పెట్టితిని. ఇదియే నా మొదటి తప్పు. చదువ కష్టముగా నున్న కాగితమునందే చదువవలసినది ఉండునని పంతులమ్మనై యుండియు నాకు తెలియలేదు. దానికి బదులు నేను పూనుకొన్న పని, ఊరి పటము గీయుట. మా మేనమామలు, పినతల్లులు, వారి యిరుగుపొరుగువారు, ఇట్లు చెదరిపోయినవారిని వెదకుకొని పోయి, "మీ యిల్లు ఎవరి యింటికి ఎడమన? బావి ఎచ్చట? రామాలయపు ద్వారము ఎటు?" అని అడిగితిని. ఇద్దఱు వృద్ధులు ఒక నూతిని గూర్చి మూడు దినములు పోట్లాడుకొనిరి. చివరకు నూతులు రెండని తేలినది. ఇట్లు ఏడెనిమిది యేండ్లలో 83 ఇండ్లను పేరుపేరున నిలిపితిని.

ఇంతలో 2018లో మా అమ్మాయి తన యింటికి రమ్మని పిలిచినది. ఆమె జర్మనీదేశమున నుద్యోగము చేయుచున్నది. అచ్చట మూడు నెలలుంటిని. ఆ దేశమును గూర్చి నేను చెప్పునది నా కన్నులు చూచినంతయే, మా అమ్మాయి చదివి వినిపించినంతయే.

1945లో యుద్ధమున ఓడిన పిదప, తూర్పు ప్రాంతములనుండి ఇంచుమించు ఒక కోటి ఇరువది లక్షలమంది జర్మనులు పారిపోయిరి లేదా వెడలగొట్టబడిరి. వారి యూళ్లు పోలెండులోనికి, ఇతర దేశములలోనికి పోయినవి. వారును నావలెనే చేసిరి. చెదరిన యూరివారు ఒక్కచోట కూడి, జ్ఞాపకమునుండి వీధివీధిని పటముగా గీసి, ఇంటింటికి సంఖ్య వేసి, యజమాని పేరు వ్రాసి, "స్వగ్రామ గ్రంథములు" అని చెప్పదగు పుస్తకములను అచ్చొత్తించుకొనిరి. మా అమ్మాయి యున్న నగరపు గ్రంథాలయములో అట్టివి ఒక బీరువానిండ నున్నవి. ఒకటి తీసి చూచితిని. భాష రాదు; కాని చెఱువు, గుడి, మిల్లు, వడ్రంగి యిల్లు అన్నియు తెలియుచునే యున్నవి. నా కన్నులు చెమర్చినవి. "ఇది నేను చేయుచున్న పనియే" అని మా అమ్మాయితో నంటిని.

అచ్చటి గ్రంథాలయాధికారిణి, పెద్ద వయస్సుగల స్త్రీ, మా మాట విని యొక సంగతి చెప్పినది. ఆ పుస్తకములలో పెక్కింటియందు తాము పోగొట్టుకొన్నది మాత్రమే వ్రాసికొనిరట. తమకు ముందే అదే వీధినుండి తరిమివేయబడి చంపబడిన యూదుల యిండ్లు కొన్ని పటములలో కనబడనే కనబడవట. తనవారు అట్టి పుస్తకమొకటి ప్రకటించిరనియు, తన చిన్ననాడు తండ్రిని ఆ ఖాళీజాగా ఎవరిదని అడుగగా ఆయన పటమును మడిచి లోపల పెట్టెననియు చెప్పినది.

యుద్ధానంతరమున ఆ దేశపు బిడ్డలకు ఈ ప్రశ్న తప్పలేదు. 1963 డిసెంబరు మొదలు 1965 ఆగస్టు వఱకు ఫ్రాంకుఫర్టు నగరమున ఆష్విట్సు మారణశిబిరపు ఉద్యోగులపై విచారణ జరిగినప్పుడు, పత్రికలలో చదివిన బిడ్డలు భోజనమువద్ద తండ్రులను చూడసాగిరి. క్రిస్టా వుల్ఫ్ అను రచయిత్రి యొక యుద్గ్రంథము వ్రాసినది, 1976లో వెలువడినది. బాల్యపు అచ్చులు అని దాని పేరును తెలుగున చెప్పవచ్చును. ఆమె 1929లో లాండ్సుబెర్గు అను పట్టణమున పుట్టినది. తండ్రి అంగడి నడుపువాడు. 1945లో ఆ కుటుంబము ఊరు విడిచి పారిపోవలసివచ్చెను. ఆ పట్టణము పోలెండునకు చెందినది. 1971లో ఆమె మరల దానిని చూడబోయినది. ఆ ప్రయాణమే గ్రంథమునకు ఆధారము. అందు కథ చెప్పు స్త్రీవెంట భర్త, తమ్ముడు మాత్రమే గాక ఈడు వచ్చుచున్న కూతురును ఉండును. తల్లి తన యిల్లును, వీధిని వెదకుచుండగా కూతురి యడుగుబొడుగు ప్రశ్నలు వేఱు: అప్పుడు మీకేమి తెలిసియుండెను, ఏల ఊరకుంటిరి అనుచుండును. మా అమ్మాయి ఆంగ్లానువాదమును తెప్పించియిచ్చినది, నెమ్మదిగా చదివితిని.

అచ్చటి కాలిబాటలలో నడుచునప్పుడు అఱచేయి యంతటి ఇత్తడిరేకులు, ఒక్కొక్కటి పది సెంటీమీటర్ల చదరము, రాళ్లనడుమ మెఱయుచుండును. గుంటర్ డెమ్నిగ్ అను శిల్పి 1990 తరువాతి యేండ్లలో ఆరంభించిన పని యిది. 2023నాటికి యూరపుఖండమున లక్ష రాళ్లు పూర్తియైనవి. "ఇచ్చట నివసించెను" అని మొదలిడి పేరు, పుట్టిన యేడు, పట్టుకొనిపోయిన తేదీ, చంపిన చోటు వ్రాయుదురు. చదువవలెనన్న తల వంచవలెను.

ఇదంతయు చూచి నేనేమనుకొంటినో దాచక చెప్పుదును. ఇది వారి కర్మ, వారి పాపము అనుకొంటిని. అరువది లక్షలమంది యూదులను చంపిన ఘోరముతో దేనికిని పోలిక లేదు, ఇప్పటికిని పోలిక తేను. మా తాతగారు చీమకును అపకారము చేయనివారు. కనుక ఆ గ్రంథాలయాధికారిణి మాటను చక్కని మాటగా మెచ్చుకొని, పటము చుట్టగా చుట్టుకొని ఇంటికి వచ్చితిని.

మఱుసటి యేడు సంక్రాంతికి, మా యూరివారు కొందఱు స్థిరపడిన యొక గ్రామములో ఆ పటమును రామాలయపు అరుగుమీద పఱచి చదివి వినిపించితిని. జనము మూగిరి. తమ తాత పేరు వినగానే ఒక్కొక్కరు "అదిగో" అని అఱచుచుండిరి. నాకు గర్వముగానే యుండెను. అందఱును లేచిపోయిన తరువాత అరుగు క్రింద నిలిచియున్న యొక ముసలామె, 80 ఏండ్లుండును, ముందునకు వచ్చినది.

"అమ్మా, ఇది మన ఊరేనంటివి గదా. మరి మా పల్లె యాడుంది?" అని అడిగినది.

పటముమీద దక్షిణమున పొలములని వ్రాసి పచ్చరంగు వేసితిని. పల్లె అచ్చట నుండెడిది. 83 ఇండ్లను అడిగి అడిగి వ్రాసిన దానను, పల్లెలోనివారిని ఒక్కరినైన అడుగలేదు. అడుగవలెనని తోచలేదు. ఎవరును వద్దనలేదు సుమా, నాకే తోచలేదు. పటమును మడిచి లోపల పెట్టిన ఆ జర్మను తండ్రియైన ఒక ఖాళీజాగాను వదలియుంచెను. నేను దానికి రంగు కూడ వేసితిని.

"నువ్వు ఫలానావారి మనవరాలివేగా. మీ అమ్మ పురిటికొచ్చినప్పుడు నీకు వేణ్ణీళ్లు కాచింది మా అమ్మే" అని ఆమె యన్నది. నిష్ఠురముగా అనలేదు. చుట్టరికము చెప్పినట్లే చెప్పినది.

"కూర్చో పెద్దమ్మా" అంటిని. కూర్చుండలేదు. నేనే అరుగు దిగి ఆమె ప్రక్కన రాతిపై కూర్చుంటిని. అప్పుడు కూర్చున్నది.

ఆమె తండ్రి మా తాతగారి యొద్ద జీతమునకుండెను. ఏటిప్రక్కనున్న బంజరును ఆమె తాత కొట్టి, రాళ్లేరి, పొలము చేసినాడట. శిస్తు కట్టునది మా తాతగారు గనుక పట్టా మా తాతగారి పేర నుండెను. పంటలో పాలు ముట్టుచుండుటచే దానిని గూర్చి ఎవరును ఎన్నడును తగవు పడలేదు. ఊరు పోవునప్పుడు పరిహారము పట్టా గలవారికి వచ్చినది. 1894 నాటి భూసేకరణ చట్టము క్రింద కాగితమున హక్కు గలవానికే సొమ్ము. చెమట కార్చినవానికి లెక్క లేదు. కూలివారిని, కౌలుదారులను గూడ నష్టపోయిన కుటుంబములుగా ఎంచిన చట్టము 2013లో గాని రాలేదు. అప్పటికి ఆమె తండ్రి చనిపోయి నలువదియేండ్లు.

ఇంటికి వచ్చి పద్దుపుస్తకము తెఱచితిని. వ్రాత కుదురుటకు పది దినములు పట్టినది. పరిహారము ముట్టిన పద్దు ఉన్నది. ఏటిప్రక్క చేనునకు వచ్చిన మొత్తము విడిగా వ్రాసియున్నది. అనగా అది విడి సంగతియని ఆయనకు తెలియును. ఆ సొమ్ముతో ఇచ్చట కాలువక్రింద పొలము కొన్న పద్దు, అందులో రెండెకరములు మా యమ్మకు పసుపు కుంకుమల క్రింద వ్రాసిన పద్దు ఉన్నవి. ఊరు ఖాళీచేసిన వారమున ఆ జీతగాని పేర, "జొన్నలు రెండు బస్తాలు, రొక్కము 15 రూపాయలు, చెల్లు" అని యున్నది.

ఆ "చెల్లు" అను మాటను చాలసేపు చూచుచుంటిని. మా తాతగారు చెడ్డవారు కారు. చెడ్డవారైనచో ఆ పద్దు వ్రాయకనే యుందురు. ఆ రెండెకరములలో ఒక యెకరమును అమ్మి నన్ను గుంటూరులో చదివించిరి. మీ పిల్లలకు నేను చెప్పిన చదువునకు పెట్టుబడి అది. మా యమ్మ కాలువగట్టునకు రాకుండుట తన పుట్టిల్లు మునిగినందుకే యని యింతకాలము అనుకొంటిని. ఆమెకు ఈ పద్దు కూడ తెలియునేమో! పెట్టెలో అడుగున చీరలమధ్య దాచినది ఆమెయే. అడుగుటకు ఇప్పుడు ఆమె లేదు.

మా మేనమామగారికి ఈ సంగతి చెప్పితిని. "అరవై ఏళ్లనాటి మాట ఇప్పుడెందుకే, అందరూ మర్చిపోయారు" అనినారు. మఱచినవారెవరని అడిగితిని. ఆయన జవాబు చెప్పలేదు గాని నాతో మాటాడుట మూడు మాసములు మానినారు. నేటి సభకు మాత్రము వచ్చి ముందు వరుసలోనే కూర్చుండినారు; అందుకు వారికి నా నమస్కారము.

అయ్యలారా, మఱపును గూర్చి పల్నాటివారికి చెప్పుట వింతగా నుండును. పన్నెండవ శతాబ్దమున కారెంపూడిలో పడిన వీరులకొఱకు ఏటేట కార్తిక అమావాస్యనుండి అయిదు దినములు మనము కొలుపు చేయుచునే యున్నాము. రాచగావు, రాయబారము, మందపోరు, కోడిపోరు, కళ్లిపాడు – దినము దినమునకు పేరున్నది. వారి యాయుధములింకను పూజలందుచున్నవి. ఆ కథను తరతరములుగా పాడి నిలిపినవారు వీరవిద్యావంతులు. వారి కథలో బ్రహ్మనాయుడెక్కడనో మాలకన్నమదాసును అక్కడనే. చాపకూడు లేక పల్నాటికథయే లేదు. గొలుసుకట్టు వ్రాత చదువగల నా పటములో లోపించిన పల్లె, బడికి పోని యా గాయకుల పాటలో లోపింపలేదు. పాటను కట్టినవారు పల్లెవారే యగుటచే గాబోలు.

తరువాతి కథ కొద్ది. పల్లెను నేను గీయలేదు, ఆ పెద్దమ్మయే గీసినది. ఆమెకు కాగితముమీద దిక్కులు తెలియలేదు. దోసెడు చింతగింజలు తెచ్చుకొని, వాకిలి ఊడ్చి, నేలమీద ఒక్కొక్క గింజను ఒక్కొక్క యిల్లుగా పెట్టసాగినది. "ఇది మా మేనత్తది. ఇది తప్పెట వాయించేటాయనది. ఇక్కడ వేపచెట్టు; ఇది గింజ కాదు, రాయి పెట్టుకో" అనుచు 34 గింజలు పెట్టినది. వాగు దాటి కొండవైపున చెంచుల గుడిసెలు నాలుగో అయిదో యుండెడివనియు, వారెటు పోయిరో తెలియదనియు చెప్పినది. మూడు గింజలను చేతబట్టుకొని చాలసేపు ఆలోచించి, పెట్టిన చోటనే పెట్టి, "ఇల్లు గుర్తుంది గాని మనిషి గుర్తు రావట్లేదమ్మా" అన్నది. నేను కాగితముపై ఎక్కించుకొంటిని. 2020లో కరోనా వచ్చి రాకపోకలు నిలిచినవి. తిరిగి పోవునప్పటికి ఆమె లేదు. ఆమె మనుమరాలు, నరసరావుపేటలో చదువుకొనుచున్న పిల్ల, మిగిలిన యిండ్లవారిని వెదకుటలో నాతో తిరిగినది. దొరికినవారిలో కొందఱు మాటాడిరి. ఒకరిద్దఱు తలుపు వేసికొనిరి. అదియు న్యాయమే.

ఆ యెకరము పొలము మాట యేమని మీలో కొందఱు మనసులో అనుకొనుచుందురు. మిగిలిన యెకరము మా తమ్ముని పేర నున్నది. దానిని గూర్చి మా యింట మాట నడుచుచున్నది. తేలని మాటను వేదికపై చెప్పి చప్పట్లు కొట్టించుకొనుట నాకిష్టము లేదు.

ఇప్పుడు గ్రంథాలయమునకు నా విన్నపము. వేటపాలెములో 1918లో స్థాపింపబడిన సారస్వత నికేతనము ప్రాతపత్రికలను పదిలపఱచుటచేతనే దేశమున పేరు గన్నది. మన గ్రంథాలయము చిన్నది. కాని ఈ చుట్టుపట్ల లోయనుండి వచ్చినవారు, కాలువపనికి వచ్చి నిలిచినవారు, ఎందఱో కలరు; వారి యూళ్ల లెక్క ఎచ్చటను లేదు. ఈ పుస్తకమును నేడు మీకు ఒప్పగించుచున్నాను. ఇందు పటమున్నది, ఊరిలోని 83 ఇండ్ల పట్టిక, పల్లెలోని 34 ఇండ్ల పట్టిక ఒకే వరుససంఖ్యలో నున్నవి. మా తాతగారి పద్దునకు నకలు ఉన్నది; ఎవరైన చూడవచ్చును, దాచవద్దు. చివర పన్నెండు తెల్ల కాగితములు కుట్టించితిని.

వరుసలో 96, 109, 110 సంఖ్యల యెదుట పేర్లు లేవు. వేపచెట్టునకు తూర్పున ఒకటి, వాగు దరిని రెండు. ఈ సభలోనివారు గాని, మీ యింటి పెద్దలు గాని వాగు దరిని ఎవరుండిరో ఎఱిగినచో దయచేసి చెప్పుడు. సభ ముగిసినపిదప నేను చదువుగదిలో కిటికీప్రక్క బల్లవద్ద కూర్చుందును. చీకటిపడువఱకు అక్కడనే యుందును. ఆ పిల్ల కూడ వచ్చినది, వెనుక వరుసలో నున్నది. నాకు చెప్పుటకు మొగమాటమైనచో ఆమెకు చెప్పుడు. పెన్సిలు ఆమె చేతిలోనే యున్నది.